ఖాళీ దెబ్బ

ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడానికి గడియారం చూసే అలవాటు ఎన్నడూ లేదు. ముందు గదిలో సుత్తి లేచిందంటే వంటగదిలో పాలు పొయ్యెక్కాలి. సుత్తి జోరందుకుంటే పాలు కాగుతున్నట్టు. సుత్తి నెమ్మదించిందంటే ఆయన గిన్నెను తిప్పి వెలుగులో చూసుకుంటున్నట్టు. వట్టి ఇనుప దిమ్మ మీద టంగ్ టంగ్‌మని రెండు మోగాయంటే, ‘ఏమేవ్, టీ ఏదీ’ అని. ఆవిడ గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి ఆయన సుత్తి పక్కన పెట్టి, మసి చేతిని లుంగీకి తుడుచుకుంటూ ఉండేవాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండానే పొద్దు మొదలయ్యేది.

ఇప్పుడు పాలు పొంగిపోతున్నాయి. పొంగాక ఆవిడ తుడుస్తోంది. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ పొయ్యి గట్టు తుడిచినట్టు ఇంకేదీ తుడవలేదు. చూడలేక ఆడపడుచు ఒక గోడ గడియారం తెచ్చి తగిలించింది. అది టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది గానీ, టీ అడగదు.

ఆయన పని సొట్టలు తీయడం. గిన్నెలు, బకెట్లు, పాల క్యాన్లు, స్కూటరు మడ్‌గార్డులు, ఏది నలిగినా ఆ వీధికి వచ్చేది. ఒకసారి బ్యాండువాళ్లు బాకా తెచ్చారు. సొట్ట తీసి, సరిగ్గా ఉందో లేదో ఊది చూశాడు. వీధిలో నిద్రపోతున్నవాళ్లంతా లేచి, ఎవరింట్లో పెళ్లని అడిగారు. జనం ఆయన్ని సొట్టలాయన అనేవారు. ఆవిడ సొట్టలాయనగారి ఆవిడ. అంతకు మించి ఎవరికీ పేరు అవసరం పడలేదు.

ఏళ్ల తరబడి ఇనుము మీద ఇత్తడిని కొట్టి కొట్టి ఆయన చెవులు మొద్దుబారాయి. చెవులు తగ్గినకొద్దీ నోరు పెరిగింది. “కూరలో ఉప్పు తక్కువైందే” అని ఆయన ఇక్కడ అంటే, నాలుగిళ్ల అవతల టైలరు తన కంచంలో కూర నాలిక మీద వేసుకుని చూసుకునేవాడు. ఆవిడేమో నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ మాట్లాడితే పక్కనున్నవాళ్లకే వినపడదు. ఆయనకి మాత్రం పెదాలు కదిలితే చాలు. పాపం ఆ మహాతల్లి రోజూ తిట్లు తింటోందని కొత్తగా దిగిన అద్దెవాళ్లు జాలిపడేవారు. తిట్లు కావవి. “ఈ చీర నీకు బాగుందే” అనడం కూడా ఆయనకి ఆ గొంతుతోనే వచ్చేది. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి వీధి తలుపు వేసేది.

ఆయన చేతిలో ఒక తీరుండేది. గిన్నె మీద రెండు దెబ్బలు వేసి, మూడోది గిన్నె మీద వేయకుండా పక్కన వట్టి దాగలి మీద వదిలేవాడు. దాగలి అంటే అదే, దెబ్బల కింద కూర్చునే ఆ ఇనుప దిమ్మ. టక్కు, టక్కు, టంగ్. మూడో దెబ్బకి సొట్టా లేదు, పనీ లేదు. అదెందుకని కొత్తలో ఆవిడ అడిగితే, “చెయ్యి ఊపిరి పీల్చుకోవద్దుటే?” అన్నాడు. వీధివాళ్లు దానికి ఖాళీ దెబ్బ అని పేరు పెట్టారు.

ఎదురు మేడ మీది లెక్కల మాస్టారికి ఆ ఖాళీ దెబ్బంటే ఒళ్లుమంట. పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామని పడుకుంటే ఇదొకటి. “మొదటి రెండూ పని దెబ్బలయ్యా, ఒప్పుకుంటాను. మూడోది లెక్కలో సున్నా. సున్నాకి అంత చప్పుడేమిటి?” అని మేడ మీంచి అరిచేవాడు. ఈయనకి వినపడేది కాదు. నవ్వి చెయ్యూపేవాడు. దాంతో మాస్టారికి ఇంకా మండేది. మున్సిపాలిటీకి అర్జీ పెట్టాడు. జవాబు రాలేదు. మళ్లీ పెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అయినా మాస్టారు పట్టు వదల్లేదు. ఏటా ఒక అర్జీ మున్సిపాలిటీకి, ఏటా ఒక సొట్ట గిన్నె సొట్టలాయనకి. “శత్రుత్వం శత్రుత్వమే, పనితనం పనితనమే” అనేవాడు.

ఇలా ఉండగా మున్సిపాలిటీకి ఉన్నట్టుండి చెవులు మొలిచాయి. శబ్ద నియంత్రణకి ఒక చట్టం చేశారు, దానికో శాఖ పెట్టారు. చప్పుడు చేయరాదన్న సంగతి అందరికీ తెలియాలి కదా, వ్యానుకి నాలుగు మైకులు కట్టి వీధి వీధీ తిప్పారు. వ్యాను వచ్చినప్పుడు చంటిపిల్లలు జడుసుకున్నారు, కుక్కలు గొంతు కలిపాయి, టైలరు కత్తెర జారి పంట్లాము కాలొకటి పొట్టిదైంది.

“శబ్దమనగా,” అంది మైకు, “వినువారిలో ఏ ఒక్కరికైనను అక్కరలేని ధ్వని!”

అందరూ ఆలోచనలో పడ్డారు. టైలరు కత్తెర ఏరుకుంటూ, “అంటే మా ఆవిడ మాట నాకు అక్కర్లేదనుకో, అది శబ్దమేనా?” అన్నాడు.

“ఆ సంగతి ఇంటికెళ్లి మీ ఆవిడకే చెప్పి చూడు. తర్వాత ఏ శబ్దం వస్తుందో మేమంతా వింటాం,” అంది ఆడపడుచు. పక్క వీధిలో ఉంటుంది ఆవిడ. వదిన తిందో లేదో చూడడానికి రోజూ వస్తుంది, వచ్చినందుకు వీధిని కూడా ఒకసారి సరిచేసి వెళుతుంది.

చట్టంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. మున్సిపాలిటీ చెత్త లారీ, మున్సిపాలిటీ రోడ్డు తవ్వే యంత్రం, మున్సిపాలిటీ మైకు, పెద్దమనుషుల సభలు, ఇవేవీ శబ్దం కిందికి రావు. అవి సేవలు. జనం చేసేదే శబ్దం.

కొత్త శాఖ కాబట్టి, పాత కట్టల్లో అడుగునున్న అర్జీ ముందు తీశారు. అది మాస్టారిది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, అన్నేళ్ల తర్వాత ఆ అర్జీ వచ్చి, సుత్తి ఆగిపోయిన ఇంటి మీద పడింది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదస్తుడు. చేతిలో కర్రకి స్పాంజి టోపీ పెట్టినట్టు ఒక యంత్రం. దాని కడుపులో ముల్లు. చూసిన గంటలోనే వీధి అతనికి చెవులాయన అని పేరు పెట్టేసింది. గుమ్మంలో నిలబడి యంత్రం చాపాడు.

“ఇక్కడ శబ్దం చేసే వ్యక్తి ఎవరమ్మా?”

ఆవిడ ఏదో చెప్పింది.

“యంత్రానికి అందలేదమ్మా. కాస్త పెద్దగా.”

ఆవిడ మళ్లీ చెప్పింది. ఆ మాట పెద్దగా చెప్పడం ఆవిడకి ఇంకా చేతకాలేదు. లోపల గిన్నెలు సర్దుతున్న ఆడపడుచు బయటికొచ్చింది.

“చచ్చిపోయాడయ్యా మా అన్నయ్య! ఎన్నిసార్లు చెప్పిస్తావు మా వదిన చేత?”

యంత్రంలో ముల్లు ఎగిరి అవతలి అంచుకి కొట్టుకుంది. ఇన్‌స్పెక్టరు అలవాటు కొద్దీ దాన్ని చూసి, “ఇది పరిమితి దాటిందండీ” అనబోయి, మధ్యలో అర్థమై, నోరు మూసుకున్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఆవిడ మంచినీళ్లిచ్చింది. తాగాడు. ఫైలు ఒళ్లో పెట్టుకుని తెరిచాడు.

“దీంట్లో మూడు గళ్లున్నాయమ్మా. ఫిర్యాదు, కొలత, చర్య. కొలత లేకుండా చర్య రాయకూడదు. చర్య రాయకుండా ఫైలు మూయకూడదు. మనిషి పోవడానికి గడి ఇవ్వలేదు.”

“చప్పుడే లేదు కదయ్యా, ఇంకేం కొలుస్తావు?” అంది ఆడపడుచు.

“చప్పుడు ఆగిందని రాయాలంటే, అసలు ఎంత ఉండేదో ముందు రాయాలండీ.” తనకి కూడా అది నచ్చలేదని అతని మొహం చెబుతోంది. “కొలత లేకపోతే ‘మూతబడిన శబ్ద స్థలం’ కింద వేస్తారు. గదికి సీలు పడుతుంది. శబ్దం చేసే సామాన్లు మా స్టోరుకి తీసుకెళతారు.”

ఆవిడ గది వైపు చూసింది. గోడకి వరసగా సుత్తులు. కొయ్య సుత్తి, గుండు సుత్తి, ముక్కు సుత్తి, చిన్నవి పెద్దవి, ఆయన ఎలా తగిలించాడో అలాగే ఉన్నాయి. మధ్యలో దాగలి. దాని ముందు ఆయన కూర్చునే పొట్టి పీట, ఒక పక్కకి అరిగినది. మధ్యాహ్నం పని అయ్యాక ఆవిడ వెళ్లి ఆ పీట మీద కూర్చుంటుంది. ఏడవడానికి కాదు. వంటింట్లో ఏడ్చుకోవచ్చు, దానికేం. ఇక్కడ ఊరికే కూర్చుంటుంది. నూనె, బొగ్గు, ఇత్తడి కలిసిన ఆ వాసన ఇంట్లో ఇంకెక్కడా మిగల్లేదు. చొక్కాలు కూడా ఉతికేశారు. ఈ గదికి తాళం పడిందంటే ఆవిడకి వెళ్లి కూర్చోవడానికి చోటు లేదు.

“పని నడుస్తుంటే?” అంది. ఈసారి ఇన్‌స్పెక్టరుకి వినపడింది.

“నడుస్తుంటే సీలు లేదమ్మా. కానీ పని ఏదీ?”

ఆవిడ లేచి మూలనున్న గుడ్డ తీసింది. కింద ఆయన చెయ్యి పడకుండా మిగిలిన ఒక ఇత్తడి డేగిసా ఉంది. పెద్దది, మెట్ల మీంచి దొర్లినట్టు నాలుగైదు చోట్ల నొక్కుకుపోయి ఉంది.

“ఎవరిదమ్మా?”

ఆవిడ కళ్లతో ఎదురు మేడ చూపించింది.

“ఫిర్యాదు చేసినాయనదా!” ఇన్‌స్పెక్టరు ఫైలుని, డేగిసాని మార్చి మార్చి చూశాడు. “ఇది నేను తేల్చేది కాదు. మా పెద్దాయన దగ్గరికి రండి.”

మర్నాడు వదినా ఆడపడుచూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్లారు. శబ్ద నియంత్రణ శాఖ కొత్తది కావడంతో మంచి గదులన్నీ అప్పటికే పాత శాఖలు పట్టేశాయి. మిగిలిన ఒక్క గదీ వీళ్లకిచ్చారు. అది జనరేటరు పక్కది. కరెంటు లేదు. జనరేటరు దడదడలాడిపోతోంది. బల్ల మీది గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కూడా మేకు దగ్గర ఊగుతోంది. పెద్దాయన రెండు చెవుల్లో దూది పెట్టుకుని సంతకాలు చేస్తున్నాడు. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అన్నీ చీటీల మీదే. శబ్దాల విచారణ మొత్తం మూగసైగలతో జరిగిపోతోంది.

ఆడపడుచు గొంతు చించుకుంది. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు చాల్లేదు. గుమాస్తా ఒక చీటీ, పెన్సిలు ముందుకు తోశాడు. ఆవిడ వదిన వైపు తోసింది. “నువ్వే రాయి. నేను రాస్తే తిట్టవుతుంది,” అని చెవిలో అరిచింది.

సొట్టలాయనగారి ఆవిడ అక్షరాలు రాయక చాలా కాలమైంది. చదివిందే తక్కువ. వంగి, ఒక్కో అక్షరం పిండివంట తిప్పినట్టు తిప్పి రాసింది. ‘గది కావాలి.’

పెద్దాయన చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఇంకేం లేదు. అర్జీలంటే పేజీలకి పేజీలు చదివి విసిగిన మనిషికి ఆ రెండు మాటలతో ఏం చేయాలో తోచలేదు. పక్కనున్న గుమాస్తా చెవి దగ్గరికి వంగి, ఆ హోరులో వినపడాలని గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. జనరేటరు ఆగింది.

“—ముసలాడు పోయి కూడా మన ప్రాణాలు తోడేస్తున్నాడయ్యా!”

గది అంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. బోర్డు ఊగడం మానేసింది. ఆడపడుచు నోరు తెరవబోతే, వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. పెద్దాయన వైపు చూడలేదు, ఆ చీటీ వైపే చూస్తూ కూర్చుంది. పెద్దాయన చెవుల్లోంచి దూది తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

“ఏమనుకోకండమ్మా,” అన్నాడు చివరికి. “ఖాతాదారుడి వస్తువు పనిలో ఉన్నంత కాలం దుకాణం నడుస్తున్నట్టే లెక్క. రూలుంది. ఆ డేగిసా పని అయ్యేదాకా సీలు వేయరు. కానీ కొలత తప్పదు. మీరే కూర్చుని కొట్టండి. మా వాడొచ్చి కొలుస్తాడు.”

“నేనా?” అంది ఆవిడ.

“ఇంకెవరున్నారమ్మా?” అన్నాడు. ఆ మాట కూడా అనకుండా ఉండాల్సిందని వెంటనే తెలిసి, మళ్లీ దూది పెట్టుకున్నాడు.

కొలత రోజున వీధి వీధంతా సొట్టలాయన గుమ్మం ముందుంది. చప్పుడు కొలిచేటప్పుడు ఎవరూ చప్పుడు చేయకూడదని ఇన్‌స్పెక్టరు బతిమాలాడు. ‘చప్పుడు చేయకండి, చప్పుడు చేయకండి’ అని ఒకరికొకరు చెప్పుకోవడంతోనే ముల్లు రెండుసార్లు అంచుకి తగిలింది.

ఆవిడ పీట మీద కూర్చుంది. అరిగిన వైపు నడుము ఒరిగిపోయింది. ఆయన కూర్చుంటే సరిగ్గా ఉండేది. డేగిసాని దాగలి అంచున పక్కకి ఒరిగించి, సుత్తి తీసుకుని, లోపలి వైపున ఒక దెబ్బ వేసింది.

ముల్లు కదల్లేదు. అదే సమయానికి టైలరు తుమ్మాడు. ముల్లు కదిలింది. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

“సార్, అది నా తుమ్ము!”

“నోర్ముయ్. మొదటిసారి సర్కారు లెక్కలోకి ఎక్కావు, సంతోషించు,” అంది ఆడపడుచు. తర్వాత వదిన వైపు తిరిగి, “పొయ్యి మీద మూత తీసినట్టు కొడతావేంటి వదినా? అన్నయ్య ఎలా కొట్టేవాడు? దెయ్యం పట్టినట్టు కొట్టేవాడు కాదూ!”

“మోచెయ్యి ఒంటికి ఆనించాలమ్మా,” అంది పాలావిడ, క్యాను కింద పెట్టి. “నేను రోజూ చూసేదాన్ని. ఇదిగో, ఇలా.”

“సుత్తి చివర్న పట్టుకో అత్తయ్యా, మెడ దగ్గర కాదు,” అన్నాడు టైలరు.

ఆవిడ చివర్న పట్టుకుంది. మోచెయ్యి ఆనించింది. టక్కు. టక్కు. ముల్లు కాస్త తల ఎత్తి, మళ్లీ పడుకుంది. లోపల ఒక చిన్న సొట్ట మాత్రం లేచింది. ఆవిడకి చేతిలో తెలిసింది, పాలు విరిగితే గరిటెకి తెలిసినట్టు. ఇంకో రెండు వేసింది. అది కూడా లేచింది. చూస్తుండగా డేగిసా ఒక పక్క గుండ్రమవుతోంది.

“తప్పు!”

అందరూ తలెత్తారు. మేడ మీద మాస్టారు. క్లాసులో వెనక బెంచీవాడి లెక్క తప్పినప్పటి గొంతు అది.

“మూడో దెబ్బ ఏదమ్మా?”

“మీరు వద్దన్నారు కదా మాస్టారూ,” అన్నాడు టైలరు.

“నేను వద్దన్నది మూడోదాన్నే! మూడోది లేకపోతే నేను వద్దన్నదేమిటి? ఇన్నేళ్లు ఈ పిల్లికూన చప్పుడు మీదా నేను అర్జీలు పెట్టింది? రేపు ఫైలు చూసినవాడు నన్నేమనుకుంటాడు, మతి లేనివాడనుకోడూ?” మాస్టారు చేతికర్రతో మెట్లు దిగి, గుంపుని తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. “చూడు. రెండు దెబ్బలు. తర్వాత వెంటనే కాదు. ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడమే నాకు మహా చిరాకు. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని మనం మంచం మీద బిగుసుకుని ఉంటామా, అప్పుడు వదులుతాడు.” చేతికర్రతో గుమ్మం మీద కొట్టి చూపించాడు. టక్కు, టక్కు. కర్ర గాలిలో ఆగింది. టంగ్ అని నోటితో అన్నాడు.

ఆవిడ ఆ కర్ర వైపే చూసింది. గోడకి అవతల అన్నేళ్లు విన్నది. చెవికి తెలుసు, చేతికి తెలియదంతే.

టక్కు, టక్కు. ఊపిరి పట్టి, వదిలింది.

టంగ్.

వట్టి దాగలి ఖంగున మోగింది. వీధి చివర దాకా వెళ్లింది. అప్పుడు జరిగిన వింత ఏమిటంటే, అందరూ ఆ చప్పుడుకి ఎప్పుడూ చేసే పనే చేశారు. పాలావిడ వంగి క్యాను ఎత్తుకుంది, ఆ చప్పుడయ్యాక పై వీధికి వెళ్లాలి కదా. టైలరు చెవి మీది బలపం తీశాడు. మాస్టారు మణికట్టు తిప్పి, టీ వేళ అయిందా అని చూసుకున్నాడు. ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అక్కణ్ణుంచి మాత్రం ఎవరూ కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

“మొదటి రెండూ పరిమితిలోనే ఉన్నాయి. మూడోది దాటింది. పైగా దానివల్ల పనేమీ లేదు.” ఎవరి మొహం చూడకుండా చదివాడు. “చట్టం ప్రకారం, వినేవాళ్లలో ఏ ఒక్కరికి అక్కర్లేకపోయినా అది శబ్దమే. ఆపించేయాలి. అక్కర్లేనివాళ్లు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. మాస్టారి చెయ్యి సగం దాకా లేచింది. వీధి మొత్తం ఆ చెయ్యి వైపు తిరిగింది.

“తల దురద,” అని మాస్టారు గోక్కున్నాడు.

“అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా?”

“ఎందుకు తీసుకుంటాను?” మాస్టారు కర్ర నేలకి కొట్టాడు. “సున్నా అన్నాను, సున్నాయే. మాట మార్చే వంశం కాదు మాది. నా ఫిర్యాదు నడవాల్సిందే. అది నడవాలంటే చప్పుడు ఉండాలా వద్దా? నువ్వు చదువుకున్నవాడివే కదా, చెప్పు. మధ్యాహ్నం ఈ దెబ్బకి తిట్టుకుంటూ లేచి టీ తాగేవాణ్ణి. ఇప్పుడు లేపేవాడు లేక చీకటి పడేదాకా పడుకుంటున్నాను, రాత్రంతా మెలకువే. ఎవర్ని తిట్టుకోను? మీ చట్టాన్నా?”

“అంటే... అక్కర్లేదంటారా, కావాలంటారా?”

“అక్కర్లేదు. కానీ ఉండాలి.”

ఇన్‌స్పెక్టరు ఫైలు గళ్లు పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వెతికాడు. అలాంటి గడి ఏదీ లేదు. చివరికి తనకి చేతనైనంత అందంగా రాశాడు. ‘పని మిగిలి ఉన్నది. ఫిర్యాదు మిగిలి ఉన్నది. విచారణ సాగుచున్నది.’ యంత్రానికి టోపీ తొడిగాడు. వెళ్లబోతూ వంగి డేగిసాని తిప్పి చూశాడు. అతను రాస్తున్నంతసేపూ ఆవిడ కొడుతూనే ఉంది, సొట్టలన్నీ లేచాయి. అంచు కింద బొటనవేలంత ఒకటే మిగిలింది.

“ఆ ఒక్కటీ అయిపోతే చెప్పండమ్మా. దుకాణం మూసినట్టు రాసి, సీలు వేసి, ఫైలు కట్టేస్తాను.”

“అలాగే బాబూ,” అంది ఆవిడ.

ఆ తర్వాత ఆవిడ రోజూ ముందు గది తలుపు తీస్తోంది. పీట మీద కూర్చుని, డేగిసాని ఒళ్లోకి తీసుకుంటోంది. గుడ్డతో తుడుస్తుంది. అది ఇప్పుడు మొహం చూసుకునేలా మెరుస్తోంది, ఆ ఒక్క సొట్ట దగ్గర మాత్రం చూసిన మొహం వంకరపోతుంది.

ఆడపడుచు ఒకరోజు గుమ్మానికి ఆనుకుని చూసింది.

“రెండు దెబ్బల పని వదినా అది. తీసి అవతల పారెయ్యరాదూ?”

“తీస్తే?”

ఆడపడుచు ఆ రోజు లోపలికెళ్లి గిన్నెలు కడిగింది.

మేడ మీంచి మాస్టారు కేకేశాడు. “ఏమ్మా, నా డేగిసా అయిందా?”

“లేదండీ. ఒక సొట్ట ఉండిపోయింది!”

ఆ మాట మేడ దాకా వెళ్లింది. తన గొంతు అంత దూరం పోతుందని ఆవిడకే తెలియదు.

“ఇంత ఆలస్యమా! పని చేయడం లేదని దీని మీద కూడా అర్జీ పెడతాను, చూస్తూ ఉండు!”

“పెట్టండి మాస్టారూ.”

మాస్టారు సంతృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆవిడ సుత్తి చివర్న పట్టుకుంది. మోచెయ్యి ఒంటికి ఆనించింది. డేగిసాని తిప్పి సొట్ట మీదికి గురి చూసింది. సుత్తి లేచింది, గాలిలో ఒక క్షణం ఆగింది. మణికట్టు పక్కకి తిప్పి, వట్టి దాగలి మీద వదిలింది. ఆ మోత పూర్తిగా అణిగిపోయేదాకా కూర్చుని, సుత్తిని గోడకి తగిలించి, సొట్టని సొట్టలాగే ఉంచి, డేగిసా మీద గుడ్డ కప్పింది.